స్టవ్వోళ్ల సంబంధాలు

చావు జరిగిన ఇంట్లో మూడో దినం దాకా పొయ్యి ముట్టించకూడదు. ఇది అందరికీ తెలిసిందే. కానీ మా అక్క కొడుకు వంశీ బ్యాగులోంచి తీసిన వస్తువు పొయ్యి కిందికి వస్తుందా రాదా అన్నది మాత్రం శామీర్‌పేటలో ఎవరికీ తెలియలేదు. అక్క అత్తగారు నర్సవ్వ పోయిన రెండో రోజు అది. ఇంటి నిండా చుట్టాలు, ఒక్కరికీ చాయ్ లేదు. పక్కింటివాళ్లు పొద్దున కేను నిండా పంపితే పది నిమిషాల్లో అయిపోయింది. మావాళ్లు దుఃఖాన్నయినా ఓర్చుకుంటారు గానీ చాయ్ లేకపోతే ఓర్చుకోలేరు. వంశీ నన్ను మెల్లగా డాబా మీదికి పిలిచి, పిడికిట్లో పట్టే స్టవ్వు ఒకటి విప్పాడు. మూడు కాళ్లు విచ్చుకున్నాయి. కింద చిన్న గ్యాసు డబ్బా బిగించి మీట నొక్కాడు. నీలి మంట లేచింది, దాని మీద చాయ్ గిన్నె ఎక్కింది.

"క్యాంపింగ్ స్టవ్వు చిన్నమ్మా," అన్నాడు. "శనివారం శనివారం ఫ్రెండ్సందరం చెరువు అవతల టెంట్లు ఏసుకుంటం గద, దాని కోసం కొన్న. మొత్తం గల్పినా మామిడికాయంత బరువుండది."

చెరువు అవతల అంటే ఇంటి నుంచి కూతవేటు దూరం. ఇంట్లో తల్లి మూడు కూరలు వండి పెడితే ఫోను చూసుకుంటూ తినే పిల్లలు, అక్కడికి పోయి దోమల మధ్య కూచుని, సగం ఉడికిన నూడుల్స్ తిని, మనశ్శాంతి దొరికిందని చెప్పి వస్తారు. ఇంతలో చాయ్ వాసన పట్టుకుని అక్క చిన్నమామ మెట్లెక్కి వచ్చాడు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, ఆచారాల విషయంలో ఇంటికి ఆయనే కోర్టు.

"ఏందిరా గిది? పొయ్యి ముట్టిచ్చినవా?"

"పొయ్యి గాదు తాతా, స్టవ్వు."

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మట్టి లేదు, కట్టె లేదు. ఇంట్ల గూడ లేదు, ఇంటి మీద ఉన్నది," అని తీర్పు చెప్పి, "సరే తియ్యి, నాకో గిలాస పొయ్," అన్నాడు. శాస్త్రం అలా తేలిపోయి, ఆయన గ్లాసు ఖాళీ చేసి దిగిపోయాక అక్క పైకి వచ్చింది. పిట్టగోడకు ఆనుకుని కూచుని, ఆ స్టవ్వు వైపు చూసి, రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "నాయిన ఉంటే గీ స్టవ్వుకు దండం పెట్టేటోడు," అంది. నాకూ సరిగ్గా అదే గుర్తొచ్చింది.

నాయినకు మేడ్చల్ బజారులో సైకిల్ దుకాణం ఉండేది. మా తాత చెరువులో వల వేసి బతికినవాడే అయినా, నాయిన స్పానర్ పట్టిన నాటి నుంచి చేపల వాసన వస్తే ముక్కు మూసుకునేవాడు. ఆయనకు యంత్రాల మీద నమ్మకం, చుట్టాల మీద అనుమానం. ఆ అనుమానానికి కారణం మా పెద్దనాయిన. ఆయన తన బిడ్డ సంబంధం కోసం పిల్లగాని ఇల్లు చూడబోయి, ఎండలో నడిచి ఆకలి మీద ఉండి, వాళ్లు పెట్టిన కోడికూర తిని, చేతులు కడుక్కోకముందే ఖాయం చేసుకుని వచ్చాడు. మాలో పద్ధతి అలాంటిది. పిల్లగాని ఇల్లు చూడబోయినవాళ్లు ఆ ఇంట్లో అన్నం తిన్నారంటే సంబంధం ఒప్పుకున్నట్టే. నచ్చకపోతే నీళ్లు తాగి లేచి రావాలి. కోడికూర బాగుంది గానీ అల్లుడు బాగాలేడని పెద్దనాయినకు ఆర్నెల్లలో తెలిసింది. ఆ అక్క బతుకు ఏమైందో ఇక్కడ రాయను. రాస్తే నాకే కోపం వస్తుంది.

అందుకని మా ఇంట్లో సుజాతక్కకు సంబంధాలు చూడడం మొదలుపెట్టగానే నాయిన చేసిన మొదటి పని, మూటలో పట్టే స్టవ్వు తయారు చేయడం. మన తిండి మనం వండుకుని, కడుపు నిండాకే వాళ్ల గడప తొక్కాలన్నది ఆయన ఆలోచన. బజారులో దొరికే ఇత్తడి పంపు స్టవ్వు కొని తెచ్చి, బరువుగా ఉందని దాని కాళ్లు కోసేసి, బదులుగా సైకిల్ చువ్వలు వంచి పెట్టాడు. నూనె డబ్బా కోసి, గాలికి అడ్డం పెట్టడానికి మడత రేకు చేశాడు. అన్నీ కలిపి ఒక గుడ్డసంచిలో పట్టేవి. సగం బరువు తగ్గించానని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆ పోయిన సగంతో పాటు అది తిన్నగా నిలబడే గుణం కూడా పోయింది. ఎక్కడ పెట్టినా ఒక పక్కకు ఒరిగేది. ఉప్మా ఒక పక్క మాడేది, ఒక పక్క పలుకుగా ఉండేది. మాడిన పక్క ఎవరి వంతుకు వచ్చేదో చెప్పనక్కర్లేదు, అమ్మ దాన్ని గీక్కుని తినేది.

అమ్మకు మాత్రం స్టవ్వంటే ప్రాణభయం. ఆ రోజుల్లో పేపరు తీస్తే స్టవ్వు పేలి కొత్త కోడలు పోయిందన్న వార్త ఉండేది. స్టవ్వు పేలి అత్త పోయిందని నేను ఒక్కనాడూ చదవలేదు. మామ మీద పేలిన స్టవ్వు అసలే లేదు. మనిషిని చూసి పేలే తెలివి వాటికి ఎక్కడి నుంచి వచ్చిందో! ఆ వార్త ఉన్న రోజు అమ్మ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేది, అక్క కంట పడకుండా. అక్క ఆ పేపర్లన్నీ చదివిందని అమ్మకు తెలియదు. మొత్తానికి స్టవ్వు ముట్టించే పని నామీద పడింది. బర్నరు కింది చిన్న గిన్నెలో కాస్త గ్యాసునూనె పోసి అంటించి, బర్నరు వేడెక్కాక మర బిగించి, మంట గుర్రుమనేదాకా గాలి కొట్టాలి. గ్యాసునూనె అని మేము కిరోసిన్‌ను అనేవాళ్లం. మామూలుగా పిల్లగాని ఇల్లు చూడడానికి ఆడపిల్లల్ని తీసుకుపోరు. నన్ను స్టవ్వుతో పాటు సామాను కింద తీసుకుపోయారు.

మొదటి ప్రయాణానికి ముందు అక్క నన్ను బట్టలు ఆరేసే చోటికి పిలిచింది. నాకంటే మూడేళ్లు పెద్ద. మిషను కుట్టేది, తక్కువ మాట్లాడేది.

"సెల్లె, ఇల్లు ఎంత పెద్దగున్నదో నాకొద్దు. బర్రెలెన్నో ఒద్దు. ఆ ఇంట్ల ఆడోళ్లు ఎప్పుడు తింటరో సూసి రా."

"ఎప్పుడు తింటే ఏంది?"

"అందరితోటి కూసొని తింటరా, లేకుంటే అందరు తిన్నంక మన అమ్మ లెక్క గోడకు ఒరిగి గిన్నె ఊడ్సుకుంటరా. గది సూడు, సాలు."

మా ఇంట్లో అమ్మ తినడం నేను చూసింది తక్కువ. నాయిన తిని, మేము తిని, దుకాణానికి ఎవరన్నా వస్తే వాళ్లూ తిన్నాక, మిగిలింది చల్లారాక, నిలబడే తినేది. పదేళ్లు దాటగానే పెద్దబిడ్డ అని అక్కను కూడా తన పక్కన నిలబెట్టుకుంది. చిన్నదాన్ని గనక నేను నాయిన పక్కన కూచుని వేడివేడిగా తిన్నాను. నాకు అందులో తప్పు కనిపించలేదు, కూచున్నవాళ్లకు ఎప్పుడూ కనిపించదు. "ఆ ఇల్లు గూడ గిట్లనే అయితే నేను పోను," అంది అక్క. "సస్తనని అంటలేను. కడుపునొప్పి తెచ్చుకుంట."

అత్వెల్లిలో పిల్లగాని తండ్రికి రోడ్డు పక్కన టైర్ల దుకాణం. మేము ఊరి బయట ఒక గోడ నీడన ఉప్మా వండుకుని తిని, పన్నెండు దాటాక వాళ్లింటికి పోయాం. దారి పొడుగునా అమ్మకూ నాయినకూ ఒకటే వాదన.

"సల్ల ఇస్తె తాగొచ్చా?" అంది అమ్మ. "సల్లంటె నీళ్లే గద."

"సల్ల పాలకెల్లి వస్తది. పాలు ఆళ్ల బర్రెయి. ఆళ్ల బర్రె పాలు తాగినంక, సంబంధం ఒద్దని ఏ నోటితోని అంటవ్?"

ఆ ఇంటివాళ్లు ఒక్క బుక్క తినమని బతిమాలారు. సరిగ్గా అన్నాల వేళకు వచ్చి, ఇప్పుడే తిన్నామని చెప్పే చుట్టాలను వాళ్లు అదే మొదటిసారి చూసి ఉంటారు. మా బట్టల నిండా గ్యాసునూనె వాసన, నా ముక్కు మీద మసి. ఆడవాళ్లు నీళ్లిచ్చి లోపలికి పోయారు. నేను మూలమూలా చూశాను. బావి చూశాను, కొత్త టీవీ చూశాను, దూలాలు లెక్కపెట్టాను. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారో ఎలా తెలుస్తుంది? మేము తింటే గదా వాళ్లు వడ్డించేది, వాళ్లు వడ్డిస్తే గదా ఎవరు కూచున్నారో ఎవరు నిలబడ్డారో తెలిసేది! అక్కకు కావలసిన ఒక్క సంగతీ కనపడకుండా చేసే యంత్రాన్ని నాయిన ఎంతో శ్రమపడి తయారు చేశాడు. దాన్ని సంచిలో పెట్టుకుని మోసింది నేను.

"తెల్వలే అక్కా," అన్నాను ఇంటికొచ్చి. అక్కకు కడుపునొప్పి వచ్చింది. దూలపల్లి సంబంధానికి కూడా అంతే. అక్కడ మంచినీళ్ల నెపం మీద వంటింట్లోకి కూడా దూరాను గానీ, మూతలు పెట్టిన గిన్నెలు నాతో ఏం చెప్తాయి? మళ్లీ కడుపునొప్పి. ఊళ్లో డాక్టరు ఎర్రమందు సీసా ఇచ్చాడు. అక్క దాన్ని గులాబీ మొక్కకు పోసింది, మొక్క బాగానే పెరిగింది. నాయిన సహనం మాత్రం అయిపోయింది. "శామీర్‌పేటది ఆఖరు. పోరడు ఆటో నడుపుతడు, సొంతిల్లున్నది. నాకు నచ్చితె ఖాయం జేసి వస్త. కడుపునొప్పి లేదు, కాలునొప్పి లేదు," అన్నాడు. ఆ పొద్దున అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గీపాలి తెల్వలేదని రాకు సెల్లె," అంది.

శామీర్‌పేట చెరువు కట్ట మీద దిగాం. గాలి దంచి కొడుతోంది. నాయిన మడత రేకు నిలబెట్టేలోపే పడిపోయింది. నేను మూడుసార్లు ముట్టించాను, మూడుసార్లూ ఆరిపోయింది. నాలుగోసారికి బర్నరు రంధ్రం మూసుకుపోయి, మంట బదులు పొగ వచ్చింది. దాన్ని పొడవడానికి సన్నటి పిన్ను ఉంటుంది. సంచి అంతా వెతికాను, లేదు.

"పిన్నులు ఇంట్ల పెట్టిన," అన్నాడు నాయిన. "బరువని."

"పిన్ను గూడ బరువేనా?" అంది అమ్మ. ఆమె జీవితంలో నాయినతో గొంతు పెంచి మాట్లాడింది అప్పుడే అనుకుంటా.

చేపలు అమ్ముకుని ఖాళీ గంపతో కట్ట మీద వస్తున్న ఒకామె మా దగ్గర ఆగింది. యాభై ఏళ్లుంటాయి, గట్టి మనిషి. ఏమీ అడగకుండా గంపను గాలికి అడ్డంగా బోర్లించి, గంప చినిగిన చోట కట్టుకున్న సన్న తీగలోంచి ఒక పోగు తెంపి నా చేతికిచ్చింది. రంధ్రం తెరుచుకుంది. స్టవ్వు గుర్రుమంది. నాయిన ముక్కు మూసుకోవాలో థాంక్స్ చెప్పాలో తెలియక చెరువు వైపు చూశాడు. ఆమె అక్కడే చతికిలబడి అమ్మతో మాటల్లో పడింది. నాయినకు అప్పుడు తన తెలివి గుర్తొచ్చింది. ఫలానా ఆటో నడిపే పిల్లగాని ఇల్లు ఎట్లాంటిదని, ఏమీ తెలియనట్టు అడిగాడు.

"పోరడు మంచోడే తమ్మీ, జర కోపం," అంది ఆమె. "వానకాలం ఇల్లు కురుస్తది. వాని తల్లికి నోరు పెద్దది. అయినా మనిషి చెడ్డది గాదు."

ఉప్మా అయింది. అమ్మ అలవాటుగా మొదటి ప్లేటు నాయిన ముందుకు జరిపింది. చేపలామె చెయ్యి చాచింది. "నాకు పెట్టు సెల్లె ముందుగాల. పొద్దటి సంది తిరుగుతున్న, కండ్లు తిరుగుతున్నయ్," అంది. అమ్మ బిత్తరపోయి నాయినను చూసింది. ఆ ప్లేటు ఆమెకు పోయింది. కాళ్లు చాపుకుని కూచుని, ఊదుకుంటూ, మంచి పక్కే ఏరుకుని తింది. "ఇంకింత ఎయ్యి" అని రెండుసార్లు పెట్టించుకుంది. నాయిన ప్లేటు కోసం ఎదురు చూడడం నేను అప్పుడే చూశాను. ఆమె మూతి తుడుచుకుని, గంప ఎత్తుకుని, మంచిగుందని చెప్పి పోయింది.

గంట తర్వాత మేము అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాం. తలుపు తీసింది ఆమే. నాయిన గడపలోనే నిలబడిపోయాడు. చీర మార్చుకుంది, నూనె రాసి తల దువ్వుకుంది, ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. అన్నం వడ్డిస్తానంటుందేమోనని నాయిన అలవాటుగా మొదలుపెట్టాడు. "మేము తిన్నం అక్కా."

"ఎర్కనే," అంది నర్సవ్వ. "నేను గూడ తిన్న."

బస్సు మేడ్చల్ దగ్గరికి వచ్చింది. దిగే ముందు నాయిన అన్నాడు, "ఆమె మన ఉప్మా తిన్నది."

"అయితేంది?" అంది అమ్మ. "ఆళ్లింట్ల మనం తింటె గద లెక్క."

"ఎవరు ఎవరిది తింటేంది? తినుడు తినుడే. మూడుసార్లు పెట్టినం. పెట్టినంక ఒద్దని ఎట్లంటం?" తన చట్టానికి తనే దొరికిపోయినవాడి ముఖం అది. నేను మాత్రం ఇంటికి ఒక్క పరుగు తీశాను. అక్క మిషను దగ్గర కూచుని ఉంది. "అక్కా, తిన్నది! అత్త తిన్నది! నాయిన కంటె ముందుగాల!" అన్నాను. అక్క రెండుసార్లు అడిగింది, ముందుగాలనేనా అని. ముందుగాలనే అన్నాను. కూసొనేనా అంది. కాళ్లు చాపుకొని అన్నాను. ఆ రోజు దానికి కడుపునొప్పి రాలేదు. పెళ్లయిపోయింది. అత్వెల్లి నుంచి శామీర్‌పేట దాకా మమ్మల్ని అందరూ స్టవ్వోళ్లు అంటున్నారని, నర్సవ్వ సంచి చూడగానే మమ్మల్ని గుర్తుపట్టిందని తర్వాత తెలిసింది. మేము వాళ్ల ఇళ్లు చూస్తున్నామనుకుంటే ఊళ్లన్నీ మమ్మల్ని చూస్తున్నాయి. నాయినకు ఆ మాట చివరిదాకా ఎవరమూ చెప్పలేదు.

డాబా మీద ఇదంతా తలుచుకుని నవ్వుకున్నాక అక్క గ్లాసు కింద పెట్టింది. "నువ్వు ఆ దినం నాకు అబద్ధం జెప్పినవ్ ఎర్కనా?" అంది.

"ఏం అబద్ధమే? నా కండ్లతోని సూసిన."

"కట్ట మీద సూసినవ్. ఇంట్ల గాదు." అక్క వంశీ వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను ఒచ్చిన తెల్లారి, మా మామ, ఈయన, మరుదులు బంతి కూసున్నరు. నువ్వు జెప్పిన మాట పట్టుకొని నేను గూడ పోయి కూసున్న. మా మామ బుక్క చేతుల పట్టుకొని నన్నే సూస్తుండు. నాకప్పుడు సమజైంది, ఈ ఇంట్ల గూడ ఎవ్వతి కూసోలేదని. లేద్దామంటె కాళ్లు రాలే. అత్త వడ్డించే గంటె పట్టుకొని నిలబడ్డది. జరసేపు నన్ను సూసింది. ఆ గంటె మా మామ ముంగట పెట్టి, ఒక పళ్లెం తెచ్చుకొని నా పక్కకు కూసున్నది. 'ఎవల్ది ఆళ్లు ఏసుకోండ్రి' అన్నది."

"మరి కట్ట మీద ఎందుకు తిన్నదంట?" అన్నాను.

"నేనూ అడిగిన. 'ఆడ నన్ను మనింటోళ్లు ఎవలు సూస్తరు బిడ్డా, ఆకలైంది, తిన్న' అన్నది. పెండ్లయినంక మొగోళ్లకన్న ముందు తినుడు అదే మొదలంట. నువ్వు నిజం జెప్తే నేను కడుపునొప్పి తెచ్చుకుందును." అక్క కళ్లు తుడుచుకుంది. "ఇరవై ఏండ్ల పైన నా పక్కకే కూసొని తిన్నది సెల్లె. మొన్న పొద్దుగాల గూడ."

ఏడుపూ సిగ్గూ రెండూ ఒకేసారి వచ్చాయి నాకు. అక్క తర్వాత నా సంబంధాన్ని ఎవరూ ఏ స్టవ్వూ మోయకుండానే ఖాయం చేశారు. ఆ ఇంట్లో నేను మొదటి రోజే గంటె పట్టుకుని నిలబడ్డాను, ఇప్పటికీ నిలబడే ఉన్నాను. నాలుగు కథలు రాసుకున్నదాన్ని. ఆడవాళ్లు అందరికంటే చివర తినడం మీద ఒక వ్యాసం రాసి మంచి పేరు కూడా తెచ్చుకున్నాను. అది అచ్చయిన రోజు ఇంటికి వచ్చినవాళ్లందరికీ వడ్డించి, వాళ్లు నన్ను మెచ్చుకుని పోయాక, మిగిలింది తిన్నాను. వంశీకి వాడి స్టవ్వు ఎంత తేలికో చెప్పుకోవడం సరదా. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏది బరువో సరిగ్గా తెలిసింది అక్క ఒక్కదానికే.

కింద నుంచి కేక వినిపించింది. పక్కింటి నుంచి అన్నం వచ్చిందట, మొదటి బంతికి మొగవాళ్లను కూచోమంటున్నారు. అక్క లేచి నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వసారాలో చాప మీద విస్తళ్లు పరిచి ఉన్నాయి. అక్క పోయి మధ్యలో కూచుని, నన్ను కొంగు పట్టి లాగింది. వడ్డించడానికి నిలబడాలని నా కాళ్లు గింజుకున్నాయి. చిన్నమామ నా ముఖం చూసి మోకాలు కొంచెం పక్కకు జరుపుకుని చోటిచ్చాడు. కూచున్నాను. ఎవరో నా విస్తరిలో అన్నం వేసి, దాని మీద పప్పు పోశారు. పెళ్లయిన నాటి నుంచి అన్నం అంత వేడిగా నా దాకా ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి తెలియక గబుక్కున కలిపి నోట్లో పెట్టుకున్నాను. మొదటి బుక్కకే నాలుక కాలింది.